అడిగి తినే చోటు

జూన్ 8
ఇంట్లో, వంటగది బల్ల దగ్గర

అక్కా,

కవరు మీద నా దస్తూరీ చూసి చించకుండా పక్కన పడేస్తావేమోనని భయంగానే ఉంది. పడేసినా తప్పు నీది కాదు. రెండేళ్ళ క్రితం ఆసుపత్రి వరండాలో నేను నిన్నన్న మాటకి నువ్వు నా మొహం చూడకపోవడమే న్యాయం. నాలుగుసార్లు నీ నెంబరు నొక్కి ఆపేశాను. ఫోనులో అయితే ముందు నేను ఏడుస్తాను, తర్వాత నువ్వు తిడతావు, అసలు సంగతి ఇద్దరం చెప్పుకోం. అందుకే కాగితం.

సంగతేమిటంటే, ఇవాళ గువ్వ బయట తిన్నది.

మళ్ళీ చదువుకో. పాలచుక్క తగిలినా, గుడ్డు తగిలినా గొంతు వాచిపోయి ఊపిరాడని నా ఏడేళ్ళ కూతురు, పుట్టినరోజులకి కూడా ఇంటి నుంచి డబ్బా పట్టుకెళ్ళి ఓ మూల కూర్చుని తినే గువ్వ, ఇవాళ పదిమంది మధ్య కుర్చీలో కూర్చుని నేను చేయనిది తిన్నది.

మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉండేది కదా, అది తీసేసి కెఫే పెట్టారు. మొక్కల నుంచి వచ్చినవి తప్ప ఏదీ వండరని బోర్డు. రోజూ ప్రెస్సుకి వెళ్తూ ఆ బోర్డు చదివేదాన్ని, నమ్మేదాన్ని కాదు. ప్రూఫులు దిద్దేదాన్ని, నాకు పెద్ద అక్షరాల మీద నమ్మకం లేదు. పాకెట్ల వెనక చిన్న అక్షరాల్లో ఎక్కడో ఓ మూల పాలపొడి నక్కి ఉంటుందని ఏడేళ్ళుగా చూస్తున్నాను. ఇవాళ వాన పట్టుకుంటే దాని చూరు కిందకి పరిగెత్తాం. గువ్వ అద్దం తలుపు మీద రాసింది కూడబలుక్కుని చదివింది. "పాలు, వెన్న, గుడ్లు, మాంసం ఈ గదిలోకి రావు." నా చెయ్యి లాగింది. "అమ్మా, గదిలోకే రావట!"

లోపల పిల్లల ఎత్తుకి ఒక కుళాయి, పెద్దల ఎత్తుకి ఒక కుళాయి. బల్లల మూలలన్నీ గుండ్రంగా చెక్కారు. వంటగదికి గోడ లేదు, అద్దమే. ఎవరు ఏ డబ్బాలో చెయ్యి పెట్టినా కనిపిస్తుంది. ప్రతి బల్ల మీదా ఓ చెక్కముక్క, దాని మీద ఒకే మాట: అడగండి. ఊరికే రాసింది కాదక్కా. వంటాయన స్వయంగా వచ్చి నిలబడతాడు. పళ్ళెంలో ఏమున్నాయో నువ్వు అడగాలి, ఆయన చెప్పాలి. అడగకపోతే పెట్టడు. తాటిచెట్టంత మనిషి, ఏప్రన్ జేబులో ఎప్పుడూ గరిటె. పిల్లలందరూ గరిటె బాబాయ్ అంటారు. గువ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పాలున్నాయా?"

"లేవు."

"గుడ్లు?"

"లేవు."

"ఆ గరిటెకి?"

"ఇది పుట్టాక పాల మొహం చూళ్ళేదమ్మా."

పదకొండు ప్రశ్నలు వేసింది. నేను సిగ్గుతో చచ్చిపోయి "ఇక చాల్లే" అనబోతే ఆయన నా వైపు చూసి "అడగనివ్వండి" అన్నాడు. తర్వాత దాని చేతికి మెనూ ఇచ్చాడు. అది నన్ను అడిగింది, "ఇందులో నేను ఏది తినొచ్చు?"

"ఏదైనా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి దాని కోసం ఎప్పుడూ రాలేదు. ఎంచుకోవడం ఎలాగో దానికి తెలియలేదక్కా. వేలు ఒక్కో వరస మీద పెట్టుకుంటూ, తీసుకుంటూ, చివరికి చాక్లెట్ కేకు దగ్గర ఆగింది. బల్ల కింద నా చేతిలో, ఊపిరాడకపోతే పొడవడానికి, దాని ఇంజెక్షను ఉంది. దాని పెదాలు, మెడ చూస్తూ అరగంట కూర్చున్నాను. ఏమీ కాలేదు. మూతికి చాక్లెట్ అంటుకుంది, అంతే.

ఇది ముందు నీకు చెప్పాలనిపించింది. ఎందుకో తెలియదు.

నీ చెల్లి

*

జూన్ 19
బేకరీ, మధ్యాహ్నం

చెల్లీ,

దస్తూరీ చూసి కాదు, కవరు బరువు చూసి నువ్వేనని పోల్చుకున్నాను. తక్కువ మాటల్లో చెప్పడం నీకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

పాప తిన్నందుకు సంతోషం. అది ముందు రాయాలి, రాశాను. ఇక ఆ కెఫే సంగతి. వెన్న, గుడ్డు లేకుండా కేకంటున్నావు. ఎలా పొంగింది? పొడిపొడిగా రాలిందా? కోస్తే కత్తికి అంటుకుందా? మూతికి చాక్లెట్ అంటుకుందని రాస్తే నాకేం తెలుస్తుంది, గోడకి పూసినా అంటుకుంటుంది.

నా గురించి అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. బేకరీ బాగానే నడుస్తోంది. కేకులు నా దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలూ చేస్తున్నారు. నేను బ్రెడ్డు దగ్గరే ఉంటున్నాను, రెండేళ్ళుగా.

వరండాలో నువ్వన్న మాట తప్పు కాదు. "నీ చేత్తో నా పిల్లకి ఇంకెప్పుడూ ఏమీ పెట్టకు" అన్నావు. నేనైనా అదే అనేదాన్ని. ఆ రోజు దాని ఐదో పుట్టినరోజు. మూడుసార్లు గిన్నెలు కడిగి, గుడ్డుకి బదులు అరటిపండు మెదిపి, పాలకి బదులు నీళ్ళు పోసి నీ వంటగదిలోనే పిండి కలిపాను. అన్నీ అయ్యాక కేకు గిన్నె లోపల వెన్న పూశాను. పూసినట్టు నాకే తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా గిన్నె ఎడమ చేతిలోకి రాగానే కుడి చెయ్యి వెన్న దగ్గరికి పోతుంది. మనసు అడ్డుపడేలోపే పని అయిపోతుంది. అలాంటి చేతిని పిల్ల దగ్గరికి రానివ్వకూడదు. నేనే రానివ్వను.

దాన్ని బాగా చూసుకో.

అక్క

*

జూలై 13
ప్రెస్సులో, భోజనం వేళ

అక్కా,

కత్తికి అంటుకోలేదు. రాలలేదు. వేలితో నొక్కితే దిగి మళ్ళీ పైకొచ్చింది. నువ్వు అడుగుతావని నేనే రెండో ముక్క తెప్పించుకుని పరీక్ష చేశాను. చాలా?

ఇప్పుడు ప్రతి శనివారం అక్కడే. పళ్ళెం ఖాళీ చేసి గువ్వ మిగతా పిల్లలతో కలిసి ఆ మూల బొమ్మల దగ్గర దొర్లుతుంది. ఇంకో పిల్ల సగం కొరికింది దీని నోట్లో పెట్టింది మొన్న. నాకు గుండె ఆగినంత పనైంది. మరుక్షణం గుర్తొచ్చింది, ఈ గదిలో ఎవరి ఎంగిలైనా ఫరవాలేదని. కుర్చీలో వెనక్కి వాలాను. నేను వీపు ఆనించి కూర్చుని ఎన్నేళ్ళయిందో తెలుసా?

అసలు వింత ఈ శనివారం జరిగింది. గరిటె బాబాయ్ పిల్లలందరినీ అద్దం దగ్గరికి పిలిచాడు. ఓ గిన్నెలో గోధుమరంగు నీళ్ళు. "ఏంటిది?" అన్నాడు. పిల్లలు టీ అన్నారు, మురికినీళ్ళన్నారు. పెద్ద శనగలు ఉడికించిన నీళ్ళట! మనం సింకులో పారబోసేవి. మిషన్ పెట్టి చిలకడం మొదలుపెట్టాడు. ముందు సబ్బు నురగలా వచ్చింది, తర్వాత తెల్లబడింది, చక్కెర వేసే కొద్దీ చిక్కబడి నిగనిగలాడింది. ఆఖరికి గిన్నె తీసి తన నెత్తి మీద బోర్లించాడు. పిల్లలు కెవ్వుమన్నారు, నేనూ కెవ్వుమన్నాను. ఒక్క చుక్క రాలలేదు. గిన్నెలోంచి అలా తెల్లగా వేలాడుతోంది. ఎదురు బల్ల దగ్గర పెద్దాయన ఒకాయన లేచి నిలబడ్డాడు.

ఒక్కసారి రా అక్కా. బస్సులో మూడు గంటలేగా. నీ బేకరీకి సోమవారం సెలవని తెలుసు, కానీ శనివారం రా, మేమూ ఉంటాం.

నీ చెల్లి

*

జూలై 30
బేకరీ

చెల్లీ,

అబద్ధమనుకున్నాను. నీ ఉత్తరం గల్లాపెట్టె దగ్గర పెట్టుకుని రోజంతా గొణుక్కున్నాను. సాయంత్రం ఆగలేక శనగలు నానబెట్టాను.

మొదటిసారి నీళ్ళు పల్చగా ఉండగానే చిలికాను. నీ మాట నమ్మి నెత్తిన బోర్లించుకున్నాను. జుట్టు, రవిక, చెవులు అన్నీ శనగనీళ్ళే. అమ్మాయిలిద్దరూ కింద కూర్చుని నవ్వారు. రెండోసారీ కుదరలేదు. మూడోసారి ఆ నీళ్ళని సగానికి మరగబెట్టి, చల్లార్చి, నిమ్మరసం నాలుగు చుక్కలు వేసి, పావుగంట మిషన్ ఆపకుండా చిలికాను. నిలబడింది. గుడ్డు తెల్లసొన ఎలా నిలబడుతుందో అలాగే, మొనదేరి నిలబడింది.

ఓవెన్ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుండిపోయాను. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ నీళ్ళని తూములో పోసిన చేతులివి. నాకు తెలియనిది ఈ పనిలో ఏమీ లేదని అందరితో అనేదాన్ని. ఇంకా ఎంత ఉందో అనిపించి ఒళ్ళు గగుర్పొడిచింది.

రమ్మన్నావు. రాను. నా గోళ్ళలో, బట్టల్లో, జుట్టులో వెన్నే. ఆ గుమ్మం మీద రాసిన మాట నాకూ వర్తిస్తుంది.

అక్క

*

ఆగస్టు 24
ఇంట్లో

అక్కా,

నువ్వు నెత్తిన పోసుకున్న సంగతి గువ్వకి చదివి వినిపించాను. కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత మామూలుగా ఒక మాట అంది: "పెద్దమ్మ అప్పుడో శనివారం కెఫే రోడ్డవతల ఎందుకు నించుంది, లోపలికి రావచ్చుగా?"

ఎవరినో చూసి ఉంటావన్నాను. "కాదు, పెద్దమ్మే. చీర కొంగు ఇలా నడుం చుట్టూ దోపుకుంది. నేను చెయ్యి ఊపితే వెళ్ళిపోయింది" అంది. అది కొంగు దోపుకుని చూపించిన తీరు చూస్తే నువ్వే.

అక్కా, వచ్చావా? నిజం చెప్పు.

నీ చెల్లి

*

సెప్టెంబరు 21
బేకరీ, తలుపులు మూశాక

చెల్లీ,

వచ్చాను. దాచడం నాకూ చేతకావడం లేదు, చెప్పేస్తాను.

జూలైలో నీ రెండో ఉత్తరం రాగానే మనసు ఆగక ఆ శనివారమే బస్సెక్కాను. తెల్లవారే బ్రెడ్డు దించి, అదే చీరతో. ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడ్డాను. అద్దంలోంచి పాప కనిపించింది. ఎంత పొడుగైంది! చెంచా నోట్లో పెట్టుకుంటూ ఏదో చెబుతోంది, నువ్వు వింటూ వెనక్కి వాలి కూర్చున్నావు. అది భయం లేకుండా తినడం నేను చూడటం అదే మొదటిసారి. గుడిలో నిలబడ్డట్టు నిలబడిపోయాను. ఇంతలో అది చెయ్యి ఊపింది. సందు మలుపు దాకా పరిగెత్తాను, యాభై ఏళ్ళ మనిషిని.

పాప చెయ్యి ఊపడం చూసి నీ గరిటె బాబాయ్ నా వెనకే వచ్చాడు. "లోపలికి రండి" అన్నాడు. "రాకూడదు, ఒంటినిండా వెన్న" అన్నాను. నవ్వలేదు. నా కథంతా అక్కడే నిలబడి విన్నాడు. "సోమవారం మా దగ్గర అమ్మకం ఉండదు, వంటగది మాత్రం పనిచేస్తుంది. తలంటుకుని, కొత్త బట్టలు కట్టుకుని రండి. మిగతాది నేను చూస్తాను" అన్నాడు.

అప్పటి నుంచి ఏడు సోమవారాలు వెళ్ళాను. నీకు చెప్పలేదు. మొదటిరోజు ఆయన నాకు ఒకే పని ఇచ్చాడు. నలభై కేకు గిన్నెలు, ఒక సీసా కొబ్బరినూనె, ఒక బ్రష్షు. గిన్నెలకి నూనె పూయి, కడుగు, తుడువు, మళ్ళీ పూయి. బేకరీ యజమానురాలిని, నాకా ఈ పని అని మూతి ముడుచుకున్నాను. కానీ గిన్నె పట్టుకున్న ప్రతిసారీ నా కుడి చెయ్యి పక్కకి పోయి, అక్కడ లేని వెన్న కోసం గాలిలో తడుముకుంది. నలభైలో నలభై సార్లూ. నా చెయ్యి అలా పోవడం నేను కళ్ళారా చూడటం అదే మొదలు. సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. ఆయన ఇంకో వరస గిన్నెలు తెచ్చి పెట్టాడు.

నాలుగో సోమవారం రెండుసార్లే పోయింది. ఆరో సోమవారం పోలేదు. మొన్న ఏడో సోమవారమూ పోలేదు. ముసలి చెయ్యి కొత్తగా నేర్చుకుంటుందని నేననుకోలేదు చెల్లీ. నా చేతిని నేనే తిప్పి తిప్పి చూసుకున్నాను.

ఒకటి మాత్రం నమ్ము. గిన్నెల తర్వాత ఆయన కేకులూ చేయించాడు కానీ, నేను చేసినవి మంగళవారానికే అయిపోతాయి, శనివారం దాకా ఉండవు. అలా ఉండాలని నేనే అడిగాను. నీకు తెలియకుండా నా చేతి తిండి దాని నోట్లోకి పోకూడదు. ఇప్పుడు తెలిసేలా అడుగుతున్నాను. ఒక శనివారం, ఆ వంటగదిలో, నీ కళ్ళ ముందు చేసి పెట్టనా? వద్దంటే వద్దు. నొచ్చుకోను. అబద్ధం, నొచ్చుకుంటాను. అయినా కాదనను.

అక్క

*

అక్టోబరు 5
ఇంట్లో

అక్కా,

సరేనని ఒక్క మాట రాసి పంపేద్దామనుకున్నాను. ఐదుసార్లు రాసి చించాను. ముందు ఒకటి చెప్పకుండా సరే అనే హక్కు నాకు లేదు.

ఆ పుట్టినరోజున నువ్వు గిన్నెకి పూస్తున్నప్పుడు నేను నీ వెనకే ఉన్నాను. పళ్ళేలు తుడుస్తున్నాను. నీ వేళ్ళు గిన్నె లోపల గుండ్రంగా తిరగడం చూశాను. లోపల మెరిసింది. అది ఏమిటని అడగాలనుకున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అడగలేదు. మొహమాటపడ్డాను. అంతకు ముందే పిండి గురించి మూడుసార్లు అడిగితే "నా మీద నమ్మకం లేకపోతే నువ్వే చేసుకో" అని చేతులు దులుపుకున్నావు. గడపలో మా అత్తగారు, ఆడపడుచులు. "ఈవిడకి సొంత అక్క మీద కూడా అనుమానమే" అని నవ్వారు. ఇంకోసారి అడిగితే నువ్వు చిన్నబుచ్చుకుంటావు, వాళ్ళు మళ్ళీ నవ్వుతారు. నూనే అయ్యుంటుందిలే అనుకున్నాను. ఆ అనుకోవడానికి పట్టిన క్షణంలో అడిగేస్తే అయిపోయేది.

వరండాలో నీ మీద అరిచినప్పుడు కూడా నాకు తెలుసు. అందుకే అంత గట్టిగా అరిచాను. నా మాట నాకే వినపడకూడదని.

రెండేళ్ళు నువ్వు కేకు ముట్టుకోలేదు. నేను మాత్రం అందరి సానుభూతీ తీసుకున్నాను. అక్షరం తప్పు పోతే పట్టుకునే ఉద్యోగం నాది, సిగ్గుగా లేదూ అని నువ్వు అడగకముందే నేనే అడుక్కుంటున్నాను. ఆ కెఫేలో నా ఏడేళ్ళ కూతురు జంకు లేకుండా అడుగుతుంటే ప్రతి శనివారం అది చేస్తున్న పని నేను చేయలేకపోయానని గుర్తొస్తుంది. అందుకే జూన్‌లో నీకు రాశాను. ఎందుకో తెలియదన్నది అబద్ధం.

ఇప్పుడు నువ్వు రావాలో వద్దో నీ ఇష్టం.

నీ చెల్లి

*

అక్టోబరు 23
బేకరీ

చెల్లీ,

పదిహేను రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. ఇంకా ఉంది. బ్రెడ్డు పిండిని నువ్వే అనుకుని పిసికాను, బ్రెడ్డు బాగా వచ్చింది.

వచ్చే శనివారం వస్తున్నాను. గరిటె ఆయనతో మాట్లాడాను. పదకొండింటికి పాపని తీసుకురా. దానితో మాట్లాడతాను. నీతో మాట్లాడతానో లేదో అప్పటికి చూద్దాం.

అక్క

*

అక్టోబరు 31
ఇంట్లో, బేకరీ నుంచి వచ్చాక

చెల్లీ,

నిన్న నువ్వు అక్కడే ఉన్నావు, అన్నీ చూశావు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే అవతల వైపు నుంచి అది ఎలా ఉందో నీకు తెలియదు.

ఉదయం ఏడింటికే ఆ వంటగదిలో ఉన్నాను. మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాను. కేకు ఓవెన్‌లోకి పోయాక కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఇరవై ఎనిమిదేళ్ళలో పెళ్ళిళ్ళకి ఐదంతస్తుల కేకులు మోశాను, ఎప్పుడూ తడబడలేదు. ఆ చిన్న పళ్ళెం పట్టుకుని మీ బల్ల దాకా పది అడుగులు వేయడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

పాప నన్ను పైనుంచి కిందికి చూసింది. పరాయిదాన్ని అడిగినట్టే అడిగింది. పాలున్నాయా, గుడ్లున్నాయా, చెంచా ఎక్కడిది. అన్నీ చెప్పాను. అది చెంచా తీసుకుంది. అప్పుడు నువ్వు లేచావు. లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. కెఫే అంతా మన వైపు తిరిగింది. నీ మొహం కందగడ్డలా అయింది. అయినా అడిగావు, అందరికీ వినిపించేలా.

"అక్కా, గిన్నెకి ఏం పూశావు?"

"కొబ్బరినూనె. కొత్త సీసా, సీలు నేనే తీశాను. కొత్త బ్రష్షు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ప్రశ్న నువ్వు రెండేళ్ళ క్రితం మీ వాళ్ళ ముందు అడిగి ఉంటే నేను ఏప్రన్ విసిరికొట్టి వెళ్ళిపోయేదాన్ని. నీకు అది తెలుసు కాబట్టే అడగలేదు. నన్ను అడగడానికి సొంత చెల్లెలు భయపడేలా బతికాను, ఆ తప్పు నాది. నిన్న నువ్వు అడుగుతుంటే అవమానం అనిపించలేదు. కన్నీళ్ళు వచ్చాయి, అవి వేరే. నా కోపం ఆ కుర్చీతో పాటే కింద పడింది.

తర్వాత పాప తిన్నది. నేను చూడలేక కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి సగం ముక్క అయిపోయింది. నువ్వు దాని మెడ చూస్తున్నావు, నేను దాని పెదాలు చూస్తున్నాను, గరిటె ఆయన అద్దం వెనక పని ఆపేసి చూస్తున్నాడు. ఆ అరగంట మనిద్దరం బల్ల కింద చేతులు పట్టుకుని కూర్చున్నాం, మొదట ఎవరు పట్టుకున్నారో నాకు గుర్తులేదు. దానికి ఏమీ కాలేదు. ఊపిరి తీసుకుంటోంది, కాళ్ళూపుకుంటోంది, పళ్ళెంలో పొడి వేలితో అద్దుకుని తింటోంది. ఇంత మామూలు సంగతి చూసి ఒక మనిషికి దణ్ణం పెట్టాలనిపిస్తుందని నాకు తెలియదు.

అది నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, నన్ను దగ్గరికి రమ్మని పిలిచి, అందరూ వినేలా చెప్పింది కదా: "పెద్దమ్మా, బాగుంది కానీ తీపి ఎక్కువైంది."

నువ్వు దాని తొడ గిల్లబోయావు, నేను చూశాను. ఇంకెప్పుడూ గిల్లకు. నా కేకు గురించి ఆ మాట మొహం మీద అన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. ఇవాళ పొద్దున్న అమ్మాయిలిద్దరినీ పక్కకి జరగమని నా బేకరీలో కూడా కేకుకి పిండి నేనే కలిపాను. చక్కెర తూచి, గుప్పెడు తీసి డబ్బాలో వేసేశాను.

శనివారం మళ్ళీ వస్తున్నాను. పాపని ఆకలితో తీసుకురా.

అక్క